ఫ్లాట్‌లో ట్యూబ్ ఆంప్: వాక్స్ ఏసీ4సీ1-12ని ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లో గిటార్ వాయించుకోడానికి చిన్న ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే ఆంప్లిఫైయర్) కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది వాట్‌ల గురించే. నాలుగు వాట్‌లే కదా, ఫ్లాట్‌కి సరిగ్గా సరిపోతుంది అనుకుంటారు. వాక్స్ కంపెనీ నాలుగు వాట్‌ల ఆంప్ ఏసీ4సీ1-12 కొన్నేళ్లుగా నా దగ్గరుంది, దాదాపు రోజూ వాయిస్తాను, ఆదివారం చర్చికి కూడా అదే పట్టుకెళ్తాను. అందుకే గట్టిగా చెప్తున్నా, నాలుగు వాట్‌లంటే చిన్న శబ్దం కాదు. వాల్యూమ్ సగం దాటిందంటే నేనేం ప్రాక్టీస్ చేస్తున్నానో పైఫ్లాట్ వాళ్లకి కూడా తెలిసిపోతుంది.

మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే పవర్ దాదాపు పదో వంతుకి పడిపోవాలి, అంటే 10 డెసిబెల్స్ తగ్గాలి. వాక్స్ వాళ్లదే 30 వాట్‌ల పెద్ద ఆంప్ ఏసీ30తో పోలిస్తే ఈ 4 వాట్‌లు తక్కువయ్యేది సుమారు 9 డెసిబెల్సే! దానికి తోడు స్పీకర్ సంగతి ఒకటుంది, దీన్ని మాత్రం ఎవరూ అడగరు. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 94 డెసిబెల్స్ పలికే స్పీకర్ తీసి 97 పలికేది బిగిస్తే, ఆంప్ పవర్ రెట్టింపు చేసినట్టే లెక్క. ఇందులో ఉన్నది 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్. గిటార్‌లో అన్నిటికన్నా లావుగా ఉండే లో-ఈ (E) తీగ కొట్టినప్పుడు వచ్చే నిండుదనం 8 అంగుళాల స్పీకర్లున్న చిన్న ఆంప్‌లలో నాకెక్కడా దొరకలేదు. నేను దీన్నే ఎంచుకోడానికి కారణం అదే, పక్కింటివాళ్లకి వినపడేదీ అదే.

లోపల ముందు సిగ్నల్‌ని పెంచే చిన్న ట్యూబ్‌లు 12ఏఎక్స్7లు రెండు, స్పీకర్‌కి పవర్ ఇచ్చే ట్యూబ్ ఈఎల్84 ఒకటి, పైన గెయిన్, బాస్, ట్రెబుల్, వాల్యూమ్ నాబ్‌లు. అంతే, రివర్బ్ (హాల్లో వాయించినట్టు ప్రతిధ్వని ఇచ్చేది) లేదు. గెయిన్ పెంచి వాల్యూమ్ తగ్గించి వాయిస్తే డిస్టార్షన్ (రాక్ గిటార్‌లో వినపడే గరుకు శబ్దం) వస్తుంది కానీ అది ముందున్న చిన్న ట్యూబ్‌లది, కాస్త పలచగా, చివర్లో బుస్సుమన్నట్టు ఉంటుంది. అసలు మజా ఈఎల్84 కష్టపడటం మొదలుపెట్టినప్పుడు ఉంది. వాల్యూమ్ మూడొంతులు పెట్టి, సింగిల్ కాయిల్ పికప్‌లున్న గిటార్‌తో ‘ఏ’ (A) కార్డ్ గట్టిగా కొట్టి వదలండి, మొదటి దెబ్బ కొద్దిగా నొక్కినట్టై, తర్వాత శబ్దం మెల్లగా పైకి లేస్తుంది. అలాగే ఉంచి గిటార్ మీద వాల్యూమ్ 10 నుంచి 6కి తగ్గిస్తే గరుకుదనమంతా పోయి గుడిగంటలా ఖంగుమంటుంది. పెడల్ తొక్కక్కర్లేదు, చిటికెనవేలు చాలు. దీనికోసమే ట్యూబ్ ఆంప్ కొనాలి, కానీ ఫ్లాట్‌లో ఇది పగటిపూట, అదీ కాసేపే కుదురుతుంది.

అందుకే రాత్రిళ్లు మాత్రమే వాయించేవాళ్లకి నేను దీన్ని చెప్పను. వాక్స్‌దే పాత మోడల్ ఏసీ4టీవీలో 4, 1, పావు వాట్ అని మార్చుకునే స్విచ్ ఉండేది, సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే వదలొద్దు. బుగేరా కంపెనీ ఆంప్ వీ5లో 5, 1, 0.1 వాట్ స్విచ్‌తో పాటు రివర్బ్ కూడా ఉంది, స్పీకర్ మాత్రం 8 అంగుళాలే. పావు వాట్‌లో కూడా ఫ్యాన్ చప్పుడుని మింగేసేంత శబ్దం వస్తుంది, తక్కువ అనుకోకండి.

ఇక మన ఇళ్లలో కరెంటు సంగతి. ఆంప్ హమ్ కొడుతోందని (ఆగకుండా గుమ్మంటోందని) చాలామంది ట్యూబ్‌లు మార్చేస్తుంటారు. ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ చూపించండి. పాత బిల్డింగుల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, మూడోదాని వెనక వైరే ఉండదు. ఎర్త్ లేకపోతే హమ్ ఒక్కటే కాదు, తీగల మీద చెయ్యి ఉండగా మైక్‌కి పెదవి తగిలితే చురుక్కుమంటుంది. పాడుతూ వాయించేవాళ్లకి ఇది నిజంగా ప్రమాదం. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే ఒకటే జుయ్యిమంటుంది, అది ఆంప్ తప్పు కాదు, ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ గోల ఉండదు. అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో బావతోనో తెప్పించుకుంటే అది 120 వోల్ట్‌ల మోడల్ అయ్యుంటుంది, ఇక్కడి 230లో నేరుగా పెట్టకూడదు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లు దొరుకుతాయి. కొనేటప్పుడు మాత్రం ఆంప్ నాలుగు వాట్‌లే కదా అని చెప్పకండి, ఆ నాలుగు స్పీకర్‌కి వెళ్లేవి, గోడ నుంచి లాగేది అంతకంటే చాలా ఎక్కువ. వెనక ప్లేటు మీద రాసున్న అంకె చూసి దానికి రెట్టింపుది తీసుకోండి.

చర్చిలో డ్రమ్స్ ఉంటే క్లీన్ టోన్‌కి ఈ నాలుగు వాట్‌లు చాలవు. స్పీకర్ ముందు షూర్ ఎస్‌ఎం57 మైక్ పెట్టి మిక్సర్‌కి పంపిస్తాను, అప్పుడు ఎంత పెద్ద హాలైనా ఇబ్బంది లేదు. మైక్ స్పీకర్ నడిమధ్యలో కాకుండా కొంచెం పక్కకి పెడితే ట్రెబుల్ చెవిలో గుచ్చుకోదు.

ఇన్నేళ్లలో పాడైంది ఒక్క 12ఏఎక్స్7. వాయించకపోయినా కుయ్యిమనేది, పెన్సిల్ చెక్క వైపుతో ఒక్కో ట్యూబ్‌ని మెల్లగా తడితే స్పీకర్‌లో టంగుమన్నది అదేనని తెలిసింది. అదొక్కటే మార్చాను, బయాస్ సెట్ చేసే (ట్యూబ్‌కి తగ్గట్టు కరెంటు సరిచేసే) పనేమీ లేదు. దుకాణంలో 12ఏఎక్స్7 బదులు ఈసీసీ83 అని రాసిచ్చినా కంగారు పడకండి, రెండూ ఒకటే. ఈఎల్84 ఒకప్పుడు బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు కూడా చేసేవాళ్లు, మన తాతల వాల్వు రేడియోల్లో ఉన్నది ఇలాంటివే. ట్యూబ్ మార్చే ముందు ప్లగ్ తీసి, చల్లారనివ్వండి. అంతకుమించి లోపలి సర్క్యూట్ జోలికి మాత్రం పోకండి, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో వందల వోల్ట్‌లు మిగిలి ఉంటాయి. స్పీకర్ వైరు ఊడదీసి ఆంప్ ఆన్ చేయడం కూడా వద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దాని ఖర్చుకి ఇంకో ఆంప్ చూసుకోవడమే నయమనిపిస్తుంది.