అది లైవ్ కాదు, అవి పేగు తీగలూ కావు: ఆ హైడన్ క్వార్టెట్ల ఫైళ్ళు కొనకండి

అమ్మకందారు పేరు ఇక్కడ రాయను. పద్ధెనిమిదో శతాబ్దపు స్వరకర్త హైడన్ ఓపస్ 76 సంపుటిలోంచి మూడు క్వార్టెట్లు (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించేవి), 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో ఫైలు), "పీరియడ్ వాయిద్యాల కచేరీ, శ్రుతి 430". అంటే హైడన్ కాలం నాటి తరహా వాయిద్యాలు, జంతువుల పేగుతో చేసిన తీగలు, ఇప్పటి 440 హెర్ట్జ్ కన్నా తగ్గు శ్రుతి. రూ. 4,200. పోయాయి.

శ్రుతి మాత్రం నిజంగానే 430. ట్యూనర్ పెడితే ముల్లు అక్కడే ఆగింది. మోసమంతా అందులోనే ఉంది. 440లో ఉన్న మామూలు స్టీలు తీగల రికార్డింగుని 2.3 శాతం నెమ్మది చేసి కిందికి దించారు. అందులో "ఎంపరర్" అనే క్వార్టెట్ రెండో భాగం చివర నాదం ఆరిపోయే నాలుగు సెకన్లు కత్తిరించండి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్లో దాన్ని 8000 హెర్ట్జ్‌కి రీశాంపుల్ చేసి, ప్లాట్ స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే గ్రాఫు) సైజు 16384 పెట్టండి. 96 వేల మీదే చూస్తే ఈ కాస్త తేడా కనపడదు. చెల్లో అట్టడుగు తీగ ఈ శ్రుతిలో 64 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, కాబట్టి దాని కింద నిటారుగా నిలబడేది కరెంటు లైను నుంచి రికార్డింగులోకి దూరిన మోతే. యూరప్ కచేరీ అన్నారు కదా, అక్కడ 50 ఉండాలి. ఇందులో 48.9! కరెంటు కూడా హైడన్ కాలం నాటిదే కాబోలు. వేగం 2.326 శాతం పెంచి చూస్తే మోత 50కీ, శ్రుతి 440కీ ఒకేసారి వచ్చి కూర్చున్నాయి. పాత టేపు వేగం తప్పినా మోత ఇలాగే జరుగుతుంది, కాదనను. కానీ ఇది డిజిటల్ రికార్డింగని రాసింది వాళ్ళే.

అసలు ఫైల్లో పై ఫ్రీక్వెన్సీలు చూస్తే 19,500 హెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు తెగిపోయింది. 320 కేబీపీఎస్ ఎంపీ3 దాదాపు 20 వేల దగ్గర తెగుతుంది, దాన్ని 2.3 శాతం దించితే వచ్చేది ఇదే లెక్క. ఇది ఎంపీ3ని ఉబ్బించి అమ్మడం.

ఇక "లైవ్" సంగతి. పేగు తీగలు హాలు వేడికీ తేమకీ జారిపోతాయి, భాగానికీ భాగానికీ మధ్య సరిచేసుకోక తప్పదు. ఇందులో ఒక్కసారి కూడా తీగ సవరించిన చప్పుడు లేదు. కుర్చీ కిర్రుమనదు. భాగాల మధ్య ఉన్నది శుద్ధ సున్నా, తిన్నని గీత. మూడు క్వార్టెట్ల చివరా అవే చప్పట్లు. రెండో సెకనులో ఎడమ పక్క ఒకాయన దగ్గుతాడు. మూడుసార్లూ అదే దగ్గు. మొత్తం ఫైల్లో లైవ్ అంటే ఆ దగ్గొక్కటే.

ఇవన్నీ అమ్మకందారుకి పంపితే వచ్చిన జవాబు ఇదీ: "కర్ణాటకం వినే చెవులకి ఇవి అందవు లెండి." ఆ తర్వాత బ్లాక్. డబ్బు కన్నా ఈ మాటే ఎక్కువ మండింది. 430కీ 440కీ మధ్య 40 సెంట్లు (స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య 100), అంటే ఆ దూరంలో సగానికి కాస్త తక్కువ. అంత తేడా తంబురాలో వస్తే మన ఇళ్ళలో పదేళ్ళ పిల్ల లేచి బిరడ తిప్పుతుంది. మాకు అందదట!

నా బుద్ధి గడ్డి తిన్నది ఎక్కడంటే, కవర్ ఫొటోలోనే చెల్లో అడుగున నేలకి ఆనించే ఇనప ఊచ, వయొలిన్లకి గడ్డం ఆనించే చిన్‌రెస్టులు ఉన్నాయి. చిన్‌రెస్టు జర్మన్ వయొలిన్ విద్వాంసుడు స్పోర్ 1820 ప్రాంతంలో తెచ్చింది, ఈ క్వార్టెట్లు అచ్చయింది 1799లో. "ఎంపరర్" రెండో భాగం మొదటి వేరియేషన్లో వాయించేది రెండు వయొలిన్లే, దాక్కోడానికి చోటుండదు. పేగు తీగ మీద కమాను పడగానే సన్నటి గరుకు వినపడాలి. ఇందులో పై స్వరాలు ఈల వేస్తున్నాయి. చెవి మొదటి నిమిషంలోనే చెప్పింది. నేను ట్యూనర్ని నమ్మాను.

కొనే తీరాలంటే ముప్పై సెకన్ల శాంపుల్ వద్దు, భాగం చివరి రెండు నిమిషాలు చప్పట్లతో సహా అడగండి. డబ్బు క్రెడిట్ కార్డుతో కట్టండి, తగువు పెట్టుకునే దారైనా ఉంటుంది. నేను యూపీఐలో కట్టాను.