యెరూషలేములో రెండు గుమ్మటాలు, రోడ్డు పక్కన ఒక రాయి

మా విచారణ (మా చర్చి పరిధి) నుంచి వెళ్లిన హోలీల్యాండ్ టూర్ ముగిశాక, గ్రూపుతో తిరిగి రాకుండా నేనూ మా అక్కా ఇంకో మూడు రోజులు యెరూషలేములోనే ఉండిపోయాం. టూర్‌లో డోమ్ ఆఫ్ ద రాక్‌ను, అంటే పవిత్ర శిల మీద ముస్లింలు కట్టిన గుమ్మటపు కట్టడాన్ని, ఒలీవల కొండ మీద నుంచి చూపించి సరిపెట్టారు. నాకది చాలలేదు.

పాత నగరం లోపలే గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. లిఫ్టు లేదు, అన్నీ రాతి మెట్లే. పెట్టెలు మోయలేక, అక్క మోకాళ్ల నొప్పితో మొదటి రోజంతా టెన్షన్. పొద్దున వేడినీళ్లు కూడా రాలేదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. జనం రాకముందే ప్రభువు సమాధి చర్చికి నడిచి వెళ్లొచ్చు.

ఆ చర్చిలో నడిమధ్య సమాధి, చుట్టూ వలయంగా స్తంభాలు, పైన గుమ్మటం. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కట్టించిన చర్చిని 335లో ప్రతిష్ఠించారు. తర్వాత ఎన్నోసార్లు దెబ్బతిని మళ్లీ లేచినా ఆ గుండ్రటి రూపు పోలేదు.

డోమ్ ఆఫ్ ద రాక్ ఉన్న ఆవరణలోకి ముస్లిమేతరులకు మొగ్రబీ ద్వారం ఒక్కటే దారి. టికెట్ లేదు, కానీ పాస్‌పోర్టు ఉండాలి. శుక్ర, శనివారాల్లో వెళ్లనివ్వరు. బైబిలు, జపమాల గదిలోనే పెట్టి రండి, తనిఖీలో ఆపేస్తారు. కట్టడం లోపలికి మాకు ప్రవేశం లేదు. బయటి నుంచే ఎనిమిది ముఖాలూ చుట్టి చూశాం. 691-92లో ఖలీఫా (ముస్లిం పాలకుడు) అబ్దుల్ మలిక్ కట్టించినది. ఇక్కడా మధ్యలో పవిత్రమైన శిల, చుట్టూ స్తంభాల వలయం, దాని చుట్టూ అష్టకోణం. గుమ్మటం వెడల్పు 20 మీటర్లకు కాస్త పైన, సమాధి చర్చి గుమ్మటానికి దాదాపు సమానం. మొజాయిక్ (చిన్న చిన్న ముక్కలు పొదిగి వేసిన బొమ్మల) పనితనం బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ క్రైస్తవ సామ్రాజ్యపు సంప్రదాయానిదే. లోపలి శాసనం మాత్రం మరియ కుమారుడైన యేసును ప్రవక్తగా గౌరవిస్తూనే, త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) కాదంటుంది. క్రైస్తవ కట్టడాల రూపం తీసుకుని మాట తమది చెప్పారు. నమ్మకంలో నేను ఒప్పుకోకపోయినా, ఆ ధైర్యం నాకు నచ్చింది.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఏ ప్యాకేజీలోనూ లేని కథిస్మా అనే పాత చర్చి శిథిలం. బేత్లెహేముకు వెళ్లే హెబ్రోను రోడ్డు పక్కన, మార్ ఎలియాస్ మఠం దగ్గర ఉంది. నిండు గర్భిణి మరియమాత అలసి కూర్చున్న రాయి అని నమ్మకం. దాని చుట్టూ ఐదో శతాబ్దంలో, అంటే డోమ్ ఆఫ్ ద రాక్ కంటే రెండు వందల ఏళ్లకు పైగా ముందే, ఒకదానిలో ఒకటిగా అష్టకోణాలతో చర్చి కట్టారు. 1992లో రోడ్డు వెడల్పు చేస్తుంటే బయటపడింది. ఎనిమిదో శతాబ్దంలో ఇక్కడ ముస్లింలు కూడా ప్రార్థించారని తవ్వినవారు చెప్తారు. దక్షిణాన మెహరాబ్ (మసీదులో మక్కా దిక్కు చూపే గూడు) లాంటిది దొరికింది. ముందురోజు డోమ్ ఆఫ్ ద రాక్ దగ్గర చూసిన ప్లానంతా ఇక్కడ నేల మీదే కనిపించింది, గోడల మొదళ్లే మిగిలాయి కాబట్టి. మొజాయిక్‌లను కాపాడటానికి మట్టి కప్పేశారు, అవి చూడలేం. అక్క ఆ రాయి దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు.

మేం వెళ్లినప్పుడు కాపలా లేదు, నీడ లేదు, టాయిలెట్ లేదు. నీళ్లు, టోపీ తీసుకెళ్లండి. ట్యాక్సీ డ్రైవర్‌కు కథిస్మా అంటే తెలియలేదు, మార్ ఎలియాస్ అంటే వెంటనే తీసుకెళ్లాడు.