మడమ నొప్పికి సూదా, వ్యాయామమా?

మా నల్గొండ దిక్కు పత్తి ఏరే రోజుల్లో తరచూ వినే మాట: "పొద్దున మంచం దిగి కాలు పెడితే మడమలో ముల్లు గుచ్చినట్టుంది." ముందు వేలితో నొక్కి చూసుకోండి. అడుగున నొప్పి అయితే చాలావరకు ప్లాంటార్ ఫేసియైటిస్, అంటే మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిలో ఉండే పట్టీ నొప్పి. వెనక, పిక్క నుంచి దిగే గట్టి తాడులాంటి దాంట్లో అయితే అకిలిస్ టెండన్.

ఖర్చు: స్టెరాయిడ్ (వాపు, నొప్పి తగ్గించే మందు) సూదికి ఫీజు, మందు. వ్యాయామానికి ఇంటి మెట్టు చాలు.

శ్రమ: సూది ఒక్క పూట. అకిలిస్ వ్యాయామం దాదాపు 12 వారాలు. మెట్టు అంచున మునివేళ్ల మీద రెండు కాళ్లతో లేచి, నొప్పి కాలి మీద బరువు వేసి మడమను మెల్లగా దించాలి. 15 సార్లు, మూడు విడతలు, రెండు పూటలా. మడమ ఎముక దగ్గరే నొప్పి ఉంటే నేల మీదే చేయండి. విసుగొస్తుంది, అయినా మానొద్దు.

రిస్క్: అకిలిస్‌కు స్టెరాయిడ్ సూది వేస్తే టెండన్ తెగే ప్రమాదం ఉంది. అడుగున వేసినా ఉపశమనం ఎక్కువగా కొన్ని వారాలే. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది.

వెనక నొప్పికి నా ఓటు వ్యాయామానికే. అడుగు నొప్పికి పిక్క, పాదం సాగదీయడం, మెత్తటి చెప్పులు; నెలలైనా తగ్గకపోతే సూది గురించి డాక్టర్‌ను అడగండి. మడమ వెనక టప్పుమని, మునివేళ్ల మీద లేవలేకపోతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.