జంట కాల్ సర్వర్లు: కొన్ని మిర్చి సీజన్ల వాడకం తర్వాత

గుంటూరులో మిర్చి వ్యాపారం, కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక సంస్థలో టెలిఫోన్ల బాధ్యత నాది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో ధర కనుక్కునే రైతులు, లారీల వాళ్లు, ఉత్తరాది కొనుగోలుదారులు తెరిపి లేకుండా ఫోన్లు చేస్తుంటారు. ఆ వేళ అరగంట ఫోన్లు మూగబోతే బేరం పక్క కొట్టుకు పోతుంది. అందుకే ఆస్టెరిస్క్‌తో నడిచే కాల్ సర్వర్లు, అంటే మా ఫోన్ల మధ్య కాల్స్ కలిపే కంప్యూటర్లు, ఒకటి ఆగితే రెండోది అందుకునేలా రెండు పెట్టించాం. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం కనుక రెండో సర్వర్‌కు యంత్రం ఖర్చే తప్ప లైసెన్సు ఖర్చు లేదు.

ఫోన్లకు తెలిసింది ఒకే ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో సర్వర్‌ను గుర్తించే నంబరు. కీప్‌అలైవ్‌డీ అనే ప్రోగ్రాం ద్వారా ప్రధాన సర్వర్ సెకనుకోసారి తన ఉనికిని చాటుతుంటుంది. వరుసగా మూడుసార్లు ఆ కబురు అందకపోతే రెండోది ఆ చిరునామాను తన మీద వేసుకుంటుంది. ప్రతి ఫోన్‌లోనూ రెండో సర్వర్ చిరునామా విడిగా రాసిపెట్టే పద్ధతి కూడా ఉంది గానీ, నెట్‌వర్క్ మీద ఫోన్ కాల్స్ కలిపే నియమావళి అయిన సిప్ ప్రమాణం ప్రకారం జవాబు రాని కాల్‌ను వదులుకోవడానికి ఫోన్ 32 సెకన్ల దాకా ఆగవచ్చు. బేరం మీదున్న మనిషికి అది చాలా ఎక్కువ. అయితే కీప్‌అలైవ్‌డీ తనంతట తాను యంత్రం బతికుందా అన్నదే చూస్తుంది. యంత్రం బాగానే ఉండి ఆస్టెరిస్క్ బిగుసుకుపోతే చిరునామా కదలదు కాబట్టి, ఆస్టెరిస్క్ పలుకుతోందో లేదో పరీక్షించే చిన్న స్క్రిప్టు (దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాం) తప్పనిసరి.

అందరూ తెలుసుకోవలసిన అసలు విషయం రిజిస్ట్రేషన్లది, అంటే ప్రతి ఫోన్ తానెక్కడుందో సర్వర్‌కు చెప్పుకోవడం. సర్వర్ మారిన వెంటనే మా ఫోన్ల నుంచి బయటికి కాల్స్ వెళ్లేవి, లోపలికి వచ్చేవి మాత్రం మోగేవి కావు. ఏ ఫోన్ ఎక్కడుందో కొత్త సర్వర్‌కు తెలియాలంటే ఆ ఫోన్ మళ్లీ రిజిస్టర్ కావాలి. చాలా ఫోన్లలో మళ్లీ రిజిస్టర్ అయ్యే గడువు 3600 సెకన్లు. దాన్ని 120కి తగ్గించాక ఇబ్బంది చాలావరకు తీరింది. అలాగే బాగైన ప్రధాన సర్వర్ లేచీ లేవగానే చిరునామాను లాక్కోకుండా కీప్‌అలైవ్‌డీలో ‘నోప్రీఎంప్ట్’ అనే సెట్టింగు పెట్టాలి, లేకుంటే నడుస్తున్న కాల్స్ రెండోసారి కూడా తెగుతాయి. మొదటిసారి తెగడం మాత్రం ఈ ఏర్పాటులో తప్పదు.

ఒకేసారి 30 కాల్స్ మోసే టెలిఫోన్ కంపెనీ ఈ1 లైను సర్వర్‌లోని కార్డుకే తగిలించి ఉంటే రెండో సర్వర్ ఉన్నా బయటి కాల్స్ అందవు. మేము లైనును విడి గేట్‌వేకు (టెలిఫోన్ లైనును మా నెట్‌వర్క్‌తో కలిపే పెట్టెకు) ఇచ్చి, దాన్ని ఉమ్మడి చిరునామాకు చూపించాం. రెండు సర్వర్లనూ వేర్వేరు యూపీఎస్‌ల మీద, వేర్వేరు నెట్‌వర్క్ స్విచ్చుల మీద పెట్టాం. ఎండాకాలం కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం ఒక యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసినా, కౌంటర్లో ఉన్న గుమాస్తాలు తెగిన కాల్స్ మళ్లీ కలుపుకుని పని సాగించారు.

విజయవాడ గవర్నర్‌పేట శాఖ సంగతి వేరు, ఎందుకంటే ఉమ్మడి చిరునామా ఒకే నెట్‌వర్క్ లోపలే తిరగగలదు. అక్కడ మామూలు ల్యాండ్‌లైన్లకు కలిపిన చిన్న సర్వర్ ఒకటి ఉంది; ఆ శాఖ ఫోన్లలో మాత్రం రెండో సర్వర్‌గా దాన్నే రాశాం. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు గుంటూరుతో మా లింకు తెగింది. అయినా శాఖలో లోపలి కాల్స్, ఊళ్లో కాల్స్ నడిచాయి. కాల్ కలవడానికి ఆలస్యమయ్యేది గానీ కలిసేది.

ఇంకా సంతృప్తి లేనిది రికార్డింగుల విషయంలో. సెట్టింగులు ఒక సర్వర్ నుంచి మరోదానికి వాటంతటవే చేరుతున్నాయి కానీ, కాల్ రికార్డింగులు ఏ సర్వర్ మీద నడిచినవి ఆ సర్వర్‌లోనే మిగిలిపోతున్నాయి. ధర మీద తగాదా వస్తే రెండు చోట్లా వెతకాల్సి వస్తోంది. అందుకు ఉమ్మడి నిల్వ యంత్రం కొనమని యజమానిని అడిగాను.