పెంచలకోన దారి: పుల్లటి ఆకు, ఉడకబెట్టిన లాడ్జి

వెలిగొండ కొండల్లోని పెంచలకోన నరసింహస్వామి గుడివైపు పోదామని నెల్లూరులో తెల్లారి 5 గంటలకు రమ్మన్న కారు 8:40కి వచ్చింది. రోజుకు 3,800 అని మాట్లాడుకున్న బాడుగలో మాత్రం రూపాయి తగ్గలేదు. దర్శనానికి పోయేవాళ్లకు ఈ మూడున్నర గంటలు పెద్ద లెక్క కాకపోవచ్చు. మే నెల ఎండను మొక్కలు ఎట్లా తట్టుకుంటాయో చూద్దామని పోయేవాళ్లకు సగం యాత్ర పోయినట్టే. వెలిగొండల్లో ఎండ ముదిరితే ఆకులు గాలి పీల్చే తమ సన్నటి రంధ్రాలు మూసేసుకుంటాయి. ఇక చూడ్డానికి కొమ్మలే తప్ప పని కనబడదు.

పొదలకూరు, రాపూరు మీదుగా రోడ్డు బాగుంది, చెప్పుకోవడానికేం లేదు. రాపూరు దాటాక ఒక టీకొట్టు పక్కింటి గోడ వారన రణపాల పొద ఉంది. ఇంటామెను అడిగి ఒక ముదురాకు తుంచాం. అప్పుడు టైము 11. కొరికితే చప్పగా గడ్డి నమిలినట్టుంది. అదే ఆకు తెల్లవారుజామున చింతచిగురంత పుల్లగా ఉంటుంది. రణపాల రంధ్రాలు తెరిచేది రాత్రి పూట. అప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. పొద్దెక్కాక రంధ్రాలు మూసుకుని, దాచిన ఆ పులుపును ఖర్చు పెట్టి వెలుతురులో వంట చేసుకుంటుంది. నీళ్లు ఆవిరైపోకుండా ఇదీ ఉపాయం. కలబంద, నాగజెముడు చేసేదీ ఇదే. కంపెనీ కాలంలో సామర్లకోట మొక్కల తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ ఈ ఆకునే నమిలి, పొద్దున పులుపు, మధ్యాహ్నం చప్పన, సాయంత్రం కాస్త చేదు అని రాశాడు. 1815లో అది అచ్చయింది. మా డ్రైవరుకు ఈ సంగతి చెప్తే నవ్వి ఏసీ పెంచాడు.

కోన దగ్గర కొండల మీద మధ్యాహ్నం చూడదగ్గది తపసి చెట్టు. ఆకు ఒక్కటి లేదు, బోడిగా తెల్లగా నిలబడి ఉంది. పైపొర కాగితంలా లేచిన చోట దగ్గరికి పోయి చూస్తే కింద పచ్చదనం. ఆకులు రాల్చేసినా బెరడుతోనే కాస్త ఆహారం తయారు చేసుకుంటుంది. ఎర్రచందనం కూడా ఎండలకు ఆకు రాల్చే చెట్టే. దాన్ని రోడ్డు మీది నుంచే చూడండి. అడవిలోకి అడుగు పెట్టినా, పుల్ల విరిచినా అటవీశాఖ వాళ్లతో తంటా. నిరుడు ఉత్తరాఖండ్ పూల లోయ చూసొచ్చిన బావకు ఈ బోడి చెట్లు కంటికి ఆనలేదు. ‘దీనికోసమా ఇంత ఎండలో’ అని ఒకటే గొణుగుడు.

ఆయన నోరు మూయించింది 120 రూపాయల మెస్ భోజనం. అందులో నల్లేరు పచ్చడి! నల్లేరుకు ఆకులు పేరుకే, అవీ ఎండకు రాలిపోతాయి. నీళ్లు దాచుకున్న పలకల కాడే ఆకు పని చేస్తుంది. వండేటప్పుడు లేత కణుపులే తుంచాలి. చేతికి నూనె రాసుకుని అంచుల నార తీసి, నువ్వుల నూనెలో రంగు మారేదాకా వేయించాలి. సగం వేగితే గొంతు దురద ఖాయం, కాడలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. చింతపండు కూడా గట్టిగానే పడాలి. మూడోసారి వడ్డించుకున్నాక బావకు ఎండ సంగతి గుర్తులేదు.

గుడి దారి దుకాణాల్లో ఒకచోట ‘సంజీవని’ అని ఎండి పిడికిలిలా ముడుచుకున్న మొక్కలు అమ్ముతున్నారు. ఒకటి 100, రెండు 150. నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది, అదే బతికినట్టు అన్నాడు అమ్మేవాడు. ఇక్కడే మోసం. చచ్చిన మొక్క కూడా తడికి విచ్చుకుంటుంది, ఎండిన కొమ్మ నీళ్లు తాగి నిటారవడమే అది. బతికుందో లేదో తెలియాలంటే ఒక రోజు ఆగి రంగు చూడాలి. రెండు కొన్నాం.

ఆలస్యం పుణ్యమా అని రాత్రి దారిలోని ఊళ్లోనే ఆగాల్సి వచ్చింది. ఏసీ గది 1,400. పై అంతస్తు, నెత్తిన పగలంతా కాలిన స్లాబు. పది గంటలకు కరెంటు పోయింది, జనరేటరు ఫ్యానుకే చాలింది. కిటికీ తెరుద్దామంటే చెక్కకు మేకులు కొట్టేశారు, దోమలని. కుళాయిలో రాత్రి 11కి కూడా వేడినీళ్లు. పగలు మూసి రాత్రి తెరవాలన్న బుద్ధి రణపాలకుంది, లాడ్జి ఓనరుకు లేదు. పైన గది ఇస్తే వద్దనండి. కింద అంతస్తు, తెరుచుకునే కిటికీ చూసి గానీ డబ్బులు ఇవ్వొద్దు.

నిద్ర రాక బకెట్లో సంజీవనులు వేసి కూర్చున్నాం. పూల లోయ గురించి బావ ఎత్తుకున్నాడు. మంచులోనూ మొక్క కష్టం నీళ్లదే. ముందు కణాల మధ్య నీరు గడ్డకడుతుంది, ఆ గడ్డ కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. అంటే చలికీ మొక్క ఎండిపోతుందన్నమాట. అందుకే చలి ముదిరే ముందు చాలా మొక్కలు కణాల్లో చక్కెరలు పెంచుకుంటాయి. సంజీవని జాతి మొక్కలూ ఎండేటప్పుడు చక్కెరతోనే కణాలను కాపాడుకుంటాయి, నీళ్లుపోయిన చోట అది గాజులా బిగుసుకుంటుంది. ‘అయితే ఆ మంచుకొండల బ్రహ్మకమలానికి ఇది మనవైపు జోడీ’ అన్నాడు బావ. పోలిక అంత కుదరదు గానీ ఆ వేళలో ఎవరు వాదిస్తారు!

తెల్లారి 5:45కి వెనక్కి పోయి అదే రణపాల పొదలో ముదురాకు కొరికాం. పళ్లు పులిశాయి. లేతాకు పనికిరాదు. రాత్రి బాగా ఉక్కపోసినా పులుపు తగ్గుతుంది. చిన్న ముక్క నమిలి ఉమ్మేయాలి, మింగొద్దు. ఎనిమిదింటికి బకెట్లో ఒక సంజీవని లోపలివైపు పచ్చబడింది. రెండోది చక్కగా విచ్చుకుని గోధుమరంగులోనే ఉంది. రోజు నిండాక కూడా అంతే ఉంటే 75 రూపాయలు నీళ్లపాలు.

మర్నాడు మైపాడు సముద్రతీరం. నెల్లూరు నుంచి ఆటో రానూపోనూ 900, తొమ్మిదిలోపు పోకపోతే ఇసుక కాళ్లు కాలుస్తుంది. దారిలో జిల్లేడాకు కింద వేలితో రాస్తే పిండిలా తెల్లటి నూగు వస్తుంది. ఎండను వెనక్కి కొట్టేది, ఆకును ఆనుకున్న గాలిని కదలనీయకుండా తడి కాపాడేది అదే. పాలు కంట్లో పడకుండా చూసుకోండి. సరుగుడు తోపులో పచ్చటి సూదులన్నీ ఆకులనుకుంటారు, అవి కొమ్మలు. ఒక సూదిని కణుపు దగ్గర లాగి విడదీస్తే చుట్టూ 6 నుంచి 8 బుల్లి పళ్లు కనిపిస్తాయి. ఆకులంటే అవే. రంధ్రాలు సూది మీది సన్నటి గాడుల్లో దాగి ఉంటాయి, ఉప్పుగాలి తగలకుండా. బావ కళ్లజోడు తీసి కంటికి దగ్గరగా పెట్టుకుని లెక్కపెట్టాడు, ఏడు. నమ్మకం లేక పక్క కణుపు కూడా విరిచాడు.