మా పేట లైబ్రరీ: పుస్తకాలకు మూడు స్టార్లు, కుర్చీకి ఐదు

మూడేళ్లుగా వాడుతున్నా రాయడం ఇప్పటికి గానీ కుదరలేదు. మాది నగరం నడిబొడ్డుకి ఆనుకుని ఉన్న పాత పేట, తెలుగువాళ్లు తక్కువ. ఇరుకు ఇళ్లు, పక్కింటి టీవీ మనింట్లో వినపడే గోడలు, బండి పెట్టుకోడానికి చోటు దొరికితే ఆ రోజుకి అదే అదృష్టం అనుకునే వీధులు. ఇలాంటి చోట ఉన్న చిన్న బ్రాంచి లైబ్రరీ ఇది. ఎన్ని పుస్తకాలున్నాయి, కొత్తవి వస్తాయా అని అడిగేవాళ్లే ఎక్కువ, నేనూ మొదట పుస్తకాల కోసమే వెళ్లాను. ఇప్పుడు వెళ్లేది మాత్రం చాలావరకు కుర్చీ కోసం.

కుర్చీయే కదా అని తీసిపారేయకండి. రెండు గదుల ఇంట్లో ఒకరు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తూ, ఒకరు పరీక్షలకి చదువుతూ, పెద్దవాళ్లు చెవి వినపడక టీవీ సౌండ్ పెంచుతూ ఉంటే, రోజుకి రెండు గంటలు ఎవరో ఒకరు బయటికి పోతే తప్ప ఇంట్లో మిగతావాళ్లకి ఊపిరాడదు. పోయి ఎక్కడ కూర్చుంటారు? బయట ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి కొనాలి, కొన్న అరగంటకి టేబుల్ తుడిచే వంకతో ఒకరు వచ్చి మన వైపు చూస్తారు. ఇక్కడ ఎందుకొచ్చావు, ఎంతసేపుంటావు అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఒక్క పుస్తకం కూడా ముట్టకుండా సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుని వచ్చిన రోజులున్నాయి.

తలుపు తియ్యగానే పెద్దవాళ్లు పేపర్ల దగ్గరికి చేరతారు, ఎవరి తర్వాత ఎవరికి ఏ పేజీ అనేది కళ్లతోనే తేల్చేసుకుంటారు. మధ్యాహ్నం కంప్యూటర్ల దగ్గర ఉద్యోగాలకి అప్లై చేసేవాళ్లు, ప్రింట్లు తీసుకునేవాళ్లు. బడి వదిలాక పిల్లలు, ఇక ప్రశాంతత మీద ఆశ వదులుకోవచ్చు. చిన్నపిల్లలకి కథలు చెప్పే రోజు ఏదో ముందే కనుక్కుని ఆ పూట వెళ్లకండి, లేదా మీ పిల్లల్ని తీసుకునే వెళ్లండి. మధ్యే మార్గం లేదు.

సీట్ల విషయంలో నాకు కోపం ఉంది. కుర్చీలో బ్యాగు పెట్టి రెండు గంటలు మాయమైపోయే పరీక్షల బ్యాచ్ ఒకటుంది. వాళ్ల టెన్షన్ వాళ్లది, కాదనను, కానీ ఒక ముసలాయన పేపరు పట్టుకుని నిలబడి చదువుతుంటే బ్యాగు హాయిగా కూర్చోవడం చూడలేం. ప్లగ్ పాయింట్లు గోడ వైపు నాలుగంటే నాలుగే, ఆ టేబుళ్లు తలుపు తీసిన పది నిమిషాల్లో నిండిపోతాయి. ఫోన్ ఇంట్లోనే ఫుల్‌గా ఛార్జ్ చేసుకుని వెళ్లండి.

కౌంటర్‌లో ఉండే ఆవిడకి వేరే రేటింగ్ ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫారం నింపడం రాక రోజుకి పదిమంది ఆవిడ దగ్గరికి వస్తారు. నిజానికి అది ఆవిడ పని కాదు. అయినా పక్కన నిలబడి ఎక్కడ నొక్కాలో చెప్తారు, పాస్‌వర్డ్ దగ్గరికి రాగానే మాత్రం మొహం అటు తిప్పేసుకుని "అది మీరే కొట్టండి, నాకు చెప్పకండి" అంటారు. ఈ మాట నేర్చుకోవాల్సినవాళ్లు చాలా కౌంటర్లలో ఉన్నారు.

పుస్తకాల దగ్గరికొస్తే రెండు స్టార్లు ఎందుకు కోశానో చెప్తాను. కేటలాగ్‌లో "అందుబాటులో ఉంది" అని ఉంటుంది, వెళ్లి అరలో చూస్తే ఉండదు. లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయిన రంగనాథన్ గారు 1931లో లైబ్రరీలకి ఐదు సూత్రాలు రాశారు, అందులో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యాలని. ఇక్కడ నా సమయం ఒక్కో పుస్తకానికి ఇరవై నిమిషాల చొప్పున పోయింది. అయితే తప్పు పూర్తిగా వాళ్లది కాదని తర్వాత తెలిసింది. మనం చూసిన పుస్తకాన్ని మర్యాదగా మనమే ఏదో ఒక అరలో దోపేస్తాం కదా, అదే కొంప ముంచేది. చోటు తప్పిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. టేబుల్ మీదే వదిలెయ్యండి, వాళ్లు నంబరు చూసి సర్దుకుంటారు. చాలా లైబ్రరీల్లో అలా టేబుల్ మీద మిగిలినవాటిని కూడా "వాడిన పుస్తకం" కింద లెక్క రాసుకుంటారు.

తెలుగు పుస్తకాలు ఎక్కడని అడగక్కర్లేదు, 894.827 చూసుకోండి. 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ మొదలుపెట్టిన ఈ నంబర్ల పద్ధతిలో ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి లాంటి కొన్ని యూరప్ భాషల సాహిత్యాలకి తలా ఒక పెద్ద గది ఇచ్చి, ప్రపంచంలో మిగిలిన భాషలన్నింటినీ 890లో కుక్కారు. అంచేత మనకి దశాంశ బిందువు తర్వాత మూడంకెలు పడ్డాయి. మా బ్రాంచిలో అయితే ఆ వరస చివర, కింది అర, వంగితే గానీ కనపడదు. భాషా అల్పసంఖ్యాకులకి వాళ్లకి పనికొచ్చే పుస్తకాలు ఉంచాలని యునెస్కో గ్రంథాలయ ప్రకటన 1994లోనే చెప్పింది, దాన్ని మళ్లీ 2022లో సవరించి రాశారు, మా అర మాత్రం అంతే ఉంది.

ఆలస్య రుసుం ఇంకా వసూలు చెయ్యడం నాకు నచ్చలేదు. చికాగో 2019లో, న్యూయార్క్ 2021లో ఎత్తేశాయి. డబ్బు కన్నా మొహమాటం పెద్దది. గడువు దాటిపోయిందని పుస్తకమూ తేరు, మనుషులూ రారు.

ఎవరూ తీసుకెళ్లని పుస్తకాల్ని లైబ్రరీలు కొన్నాళ్లకి ఏరి తీసేస్తుంటాయి, చోటు చాలదు మరి. ఎన్నాళ్ల కిందట బయటికెళ్లింది అన్నది అందులో ముఖ్యమైన లెక్క. ఇది తెలిశాక కింది అరలో ఒక పాత నవల వెనక తేదీల చీటీ చూస్తే చివరి ముద్ర తొమ్మిదేళ్ల కిందటిది. పెద్దగా చదవాలని లేకపోయినా తెచ్చేశాను. సగం చదివి రెన్యువల్ చేశాను, మళ్లీ చేశాను. మూడోసారి అడిగితే కౌంటర్‌లో ఆవిడ కుదరదన్నారు, ఎవరో దాని కోసం పేరు రాయించుకున్నారట. మా పేటలో తెలుగు చదివేవాళ్లు ఇంకొకరున్నారని నాకు అప్పటిదాకా తెలీదు. ఎవరండీ అని అడిగాను. ఆవిడ మొహం అటు తిప్పేసుకున్నారు.