నాలుగేళ్లుగా థిక్‌నెస్ ప్లేనర్‌తో: అమరిక, మొరాయింపులు

చెక్క పలకలను ఒకే మందానికి చిత్రిక పట్టే యంత్రం థిక్‌నెస్ ప్లేనర్. 330 మి.మీ. వెడల్పు వరకు పలకలను తీసుకొనే ఈ చిన్న ప్లేనర్‌ను సైనిక్‌పురిలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాలుగేళ్లుగా వాడుతున్నాను. అంతకు ముందు పలకలను ఆటోలో వేసుకొని భోయిగూడలోని ఒక టింబర్ డిపోకు తీసుకువెళ్లి, అక్కడి పెద్ద మిషన్ మీద చిత్రిక పట్టించుకొనేవాడిని. మొదటి ఆరు నెలల్లో దీని మీద నాకు కలిగిన అసంతృప్తిలో ఎక్కువ భాగం నేను సరిగా అమర్చుకోకపోవడం వల్లనే అని తెలియడానికి చాలా చెక్క పాడయింది.

కొనేముందు తెలుసుకోవలసినది ఒకటుంది: ఇది మందాన్ని సమం చేస్తుందే తప్ప మెలిక తిరిగిన పలకను చదును చేయదు. పలకను లోపలికి లాగే రోలర్లు అదిమి పట్టుకున్నంతసేపు వంపు అణగి ఉంటుంది, బయటికి రాగానే మళ్లీ లేస్తుంది. కాబట్టి ఒక ముఖాన్ని చేతి రందాతో ముందుగా చదును చేసుకొని, ఆ ముఖాన్ని కిందికి పెట్టి పంపాలి.

అన్నిటికంటే ఎక్కువగా విసిగించినది పలక కొసల్లో పడే పల్లం, అంటే స్నైప్. పలక లోపలికి వెళ్లేటప్పుడు ముందు రోలరు ఒక్కటే, బయటికి వచ్చేటప్పుడు వెనుక రోలరు ఒక్కటే దాన్ని పట్టుకుంటాయి. ఆ రెండు మూడు అంగుళాల మేర పలక బయటి కొస బరువుకు వాలిందంటే లోపలి కొస పైనున్న బ్లేడ్లలోకి లేచి, అక్కడ అదనంగా తెగుతుంది. మామూలుగా చూస్తే కంటికి ఆనదు కానీ, పాలిష్ పెట్టాక కిటికీ వెలుగులో దాచినా దాగదు. పలకను మోసే ముందువెనుకల రెక్కలను బల్లతో సమంగా బిగించి చూశాను, పోలేదు. చివరకు నాలుగడుగుల ఇనుప స్కేలును అంచు మీద నిలబెట్టి చూస్తూ, రెక్కల బయటి కొసలను సుమారు ఒక మిల్లీమీటరు పైకి లేపాక పల్లం కాగితం మందానికి దిగింది. ఖరీదైన చెక్క అయితే దాని ముందూ వెనుకా అదే మందం గల పనికిరాని ముక్కలను ఆనించి పంపుతాను. పల్లమేదో వాటి మీదే పడుతుంది.

రెండో లోపం ఆలస్యంగా బయటపడింది. రెండు సన్నని పట్టీలను ఎడమ అంచున ఒకటి, కుడి అంచున ఒకటి పంపి వెర్నియర్‌తో కొలిస్తే 0.4 మి.మీ. తేడా వచ్చింది. అమ్మిన దుకాణం వారికి ఫోను చేస్తే ‘ఆమాత్రం ఉంటుంది సార్’ అన్నారు. ఉండనక్కరలేదు: ప్లగ్గు తీసి, యంత్రాన్ని పక్కకు పడుకోబెట్టి, ఎత్తు మరలను కలిపే గొలుసును వదులు చేసి, ఒక పళ్లచక్రాన్ని ఒక్క పన్ను జరిపితే తేడా దాదాపు పోయింది.

మోటారు పదే పదే ట్రిప్పవడానికి కారణం చుట్ట విప్పకుండా వాడిన సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు. 16 ఆంపియర్ల సాకెట్ నుంచి 2.5 చదరపు మి.మీ. వైరు లాగించాక ఆ బాధ లేదు.

పాత ఇల్లు కూల్చిన చోట కొన్న టేకు దర్వాజను పంపిన రోజు మాత్రం తప్పు పూర్తిగా నాదే. తల విరిగిపోయిన మేకు ఒకటి లోపలే ఉండిపోయింది. టక్కుమని ఒక్క శబ్దం వచ్చి, బ్లేడ్ల అంచుకు గంటు పడింది. ఆ తరువాత వచ్చిన ప్రతి పలక మీదా దారప్పోగంత గీత పొడవునా ఉబ్బి కనిపించింది. బ్లేడ్లలో ఒకదాన్ని కాస్త పక్కకు జరిపి బిగిస్తే, ఒకటి వదిలిన చోటును రెండోది కోస్తుంది. ఇప్పుడు పాత చెక్క మీద అయస్కాంతం తిప్పనిదే పంపను.

టేకులో సిలికా ఉంటుంది కనుక బ్లేడ్లు త్వరగా మొద్దుబారతాయి. కోత శబ్దం బొంగురుపోయిందంటే తిప్పి బిగించవలసిన సమయం వచ్చినట్లే. టేకు జిడ్డు రోలర్లకు పట్టి పలక మధ్యలో నిలిచిపోతే గుడ్డకు కొద్దిగా స్పిరిట్ అద్ది తుడవాలి, బల్లకు మైనం రాయాలి. సిలికాన్ స్ప్రే వద్దు, తరువాత పాలిష్ పట్టదు. వానాకాలంలో ఆ మైనమే తుప్పును కూడా ఆపుతుంది. గట్టి చెక్కకు ఒక్కో విడతకు అర మిల్లీమీటరు మించకూడదు. నారకు ఎదురుగా పంపితే అది కూడా ఎక్కువే, పెచ్చులు లేస్తాయి.

అపార్ట్‌మెంటు బాల్కనీలో పెట్టుకోదలచినవారు దీన్ని కొనవద్దు. చెవులకు మఫ్‌లు, ముక్కుకు మాస్కు లేకుండా నేను స్విచ్చి వేయను, పక్కింటి పాప నిద్రపోయే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అసలే వేయను.